“హైదరాబాద్ నీళ్లు పడ్డయ్” అన్నారు... నిజానికి పడింది స్టెరాయిడ్

ఇవాళ ఫిల్టర్ లేదు, ఫౌండేషన్ లేదు, రింగ్ లైట్ కూడా ఆపేశాను. కిటికీ వెలుతురులో కూర్చున్నా. ఈ కుడి బుగ్గ మీద చూడండి, సన్నగా ఎర్రటి దారాల్లా ఉన్నాయి కదా? అవి గీతలు కావు, రక్తనాళాలు. బయటికి కనిపించకూడనివి కనిపిస్తున్నాయి. ఎందుకలా అయిందో చెప్పడానికే ఈ ఎపిసోడ్.

“మిమ్మల్ని మీరు ప్రేమించుకోండి, కాన్ఫిడెంట్‌గా ఉండండి” అని రీల్స్‌లో రోజూ వింటూనే ఉంటాం. వినడానికి బాగుంటుంది. కానీ పొద్దున లేచి అద్దం చూసుకుంటే మళ్లీ అదే మొహం, అదే బాధ. అందుకే నేను అద్దం దగ్గర మొదలుపెట్టను. మీ రూమ్‌లో షెల్ఫ్ మీద ఒక ట్యూబ్ ఉంటుంది చూడండి, అక్కడ మొదలుపెడతా. చివరి దాకా ఉండండి, ఆ ట్యూబ్‌తో ఒక చిన్న పని ఉంది.

ఆ “ఉన్నా” అనే మాట

మాది సూర్యాపేట దగ్గర పల్లె. నా రంగు ఇదిగో, ఇదే. చిన్నప్పటి నుంచీ చుట్టాలు నన్ను మెచ్చుకోవాలంటే ఒకే మాట: “నల్లగ ఉన్నా కళ గల పిల్ల.” వాళ్లు ప్రేమగానే అనేవాళ్లు. కానీ ఆ “ఉన్నా” అనే రెండు అక్షరాలు వినిపించాయా? అంటే నలుపు ఒక లోపం, కళ దానికి ఇచ్చిన గ్రేస్ మార్కులు. పెళ్లిచూపుల్లో అబ్బాయిని పొగడాలన్నా “ఎర్రగా బుర్రగా ఉన్నాడు” అంటాం. కడుపుతో ఉన్నామెకి కుంకుమపువ్వు పాలు ఎందుకు తాగిస్తారు? బిడ్డ తెల్లగా పుట్టాలని. అంటే ఇంకా పుట్టని బిడ్డ రంగు గురించి కూడా మనకి టెన్షనే.

2022 ఏప్రిల్‌లో పోలీస్ నోటిఫికేషన్ పడింది. మే నెలలో బ్యాగ్ సర్దుకుని బస్సెక్కి ఎల్‌బీ నగర్‌లో దిగా. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్, చైతన్యపురి లోపల ఒక సందులో హాస్టల్. రూమ్‌లో ఐదుగురం, గోడకి ఒకటే అద్దం. ఈ ఏరియాలో ఉన్నవాళ్లకి తెలుసు, గోడ మీద ఎక్కడ చూసినా పోస్టర్లే. గ్రూప్స్ కోచింగ్, లేడీస్ హాస్టల్, స్పోకెన్ ఇంగ్లిష్, వాటి పక్కనే “మెరిసే చర్మం”, “ఎత్తు పెరగండి”, “బరువు తగ్గండి”. ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు భయంతో ఉంటారని, మారిపోవాలనే ఆత్రంలో ఉంటారని ఆ పోస్టర్ అంటించినవాళ్లకి బాగా తెలుసు. మన సర్టిఫికెట్ల సంగతి కోచింగ్ వాళ్లు చూసుకుంటారు, మన మొహం సంగతి వీళ్లు చూసుకుంటారు.

మూడు వారాల మెరుపు

జూన్‌లో నాకు మొటిమలు మొదలయ్యాయి. నిద్ర లేదు, హాస్టల్ తిండి, పొద్దున్నే వీఎం హోమ్ గ్రౌండ్‌లో రన్నింగ్, మొత్తం చెమట. రూమ్మేట్ ఒక ట్యూబ్ ఇచ్చింది. “మా అక్క కూడ ఇదే రాస్తది” అంది. అయిపోయాక నేనే మెడికల్ షాప్‌కి వెళ్లి ఖాళీ ట్యూబ్ చూపించా. చీటీ అడగలేదు, ఎందుకని కూడా అడగలేదు. “రోజూ రాత్రి రాయమ్మా, వారంల తేడా తెలుస్తది” అని చేతిలో పెట్టారు. ధర ఒక బిర్యానీ కంటే తక్కువ.

నిజంగానే తేడా తెలిసింది, ఫ్రెండ్స్. అబద్ధం చెప్పను. వారంలో మొటిమలు మాయం. మూడు వారాలకి రంగు తేలింది. రాఖీకి ఇంటికి వెళ్తే మా మేనత్త గడప దగ్గరే గడ్డం పట్టుకుని, “హైదరాబాద్ నీళ్లు పడ్డయే పిల్లకు!” అంది. మా హాస్టల్‌లో వచ్చేది బోరు నీళ్లు, అదీ రెండ్రోజులకోసారి. అయినా ఆ మాట విన్నప్పుడు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. పుట్టి ఇరవై రెండేళ్లకి మొదటిసారి “ఉన్నా” లేకుండా నన్ను పొగిడారు.

సెప్టెంబర్‌లో రెండు రోజులు రాయడం మర్చిపోయా. మొహం మండిపోయింది. చన్నీళ్లు కొట్టుకున్నా తగ్గలేదు. మళ్లీ రాశా, అరగంటలో చల్లబడింది. అంటే మందు లేకపోతే మంట, మందు ఉంటే చల్లదనం. అప్పుడు కూడా నాకు అనుమానం రాలేదు. “అమ్మో, ఎంత మంచి క్రీమ్” అనుకున్నా.

బతుకమ్మ నాటికి రాసినా ఆగలేదు. బుగ్గలు ఎర్రగా, గడ్డం మీద సన్నటి వెంట్రుకలు, మొదటికంటే ఎక్కువ మొటిమలు. ఎండలోకి వెళ్తే కారం పూసినట్టు ఉండేది. ఆ ఏడాది సద్దుల బతుకమ్మ ఫోటోలో మా ఇంటి ఆడవాళ్లందరూ ఉన్నారు. నేను లేను. తలనొప్పి అని చెప్పి లోపల పడుకున్నా. రంగు కోసం రాసిన క్రీమ్ చివరికి నన్ను ఫోటోలోంచే తీసేసింది.

ఆ ట్యూబ్ చేసే పని ఏంటి?

నేను రాసింది స్టెరాయిడ్ క్రీమ్. ఇది విషమేం కాదు. ఎగ్జిమా, సోరియాసిస్ లాంటి వాటికి స్కిన్ డాక్టర్లు రోజులు లెక్కపెట్టి, శరీరంలో ఏ చోట రాయాలో చెప్పి ఇస్తారు, బాగా పనిచేస్తుంది. చిక్కు ఎక్కడంటే, అదే మందుని మొహానికి, నెలల తరబడి, పౌడర్‌లా రాసుకోవడం.

రాయగానే చర్మం కింద రక్తనాళాలు ముడుచుకుంటాయి, ఎరుపు తగ్గి పాలినట్టు కనిపిస్తుంది. వాపు అణిగిపోతుంది, మొటిమ కూర్చుంటుంది. రంగు తయారుచేసే కణాల పని కూడా మందగిస్తుంది. ఇదే ఆ “గ్లో”. లోపల మాత్రం చర్మాన్ని గట్టిగా పట్టి ఉంచే కొలాజెన్ తగ్గుతూ వస్తుంది. చర్మం ఉల్లిపొరలా పల్చబడుతుంది. కొన్నాళ్లకి రక్తనాళాలు వెడల్పై పైకి కనిపిస్తాయి, నా బుగ్గ మీద ఉన్నాయే, అవే. ఇక మానేస్తే అణిచిపెట్టినదంతా ఒక్కసారి లేస్తుంది: ఎరుపు, మంట, దురద, కురుపులు. ఆ మంటకి భయపడి మళ్లీ రాస్తాం. అలా చర్మం దానికి అలవాటు పడిపోతుంది.

ఇది నా ఒక్కదాని కథ కాదు. 2011లో ఇండియాలోని 12 స్కిన్ సెంటర్లలో చేసిన ఒక అధ్యయనం వచ్చింది. మొహం మీద సమస్యతో వచ్చిన 2926 మందిని చూస్తే, 433 మంది మొహానికి స్టెరాయిడ్ రాస్తున్నారు. వాళ్లలో 126 మంది దాన్ని ఫెయిర్‌నెస్ క్రీమ్‌లాగో మామూలు క్రీమ్‌లాగో వాడుతున్నారు, 104 మంది మొటిమలకి. ఇంకో లెక్క వినండి. ఆ 433లో 257 మందికి ఆ క్రీమ్ రాయమని చెప్పింది డాక్టర్లు కాదు.

స్టెరాయిడ్ ఒక్కటే అయితే ఒక ఎత్తు. పేరూ ఊరూ లేని కొన్ని క్రీముల్లో పాదరసం ఉంటుంది. అది రంగు తయారయ్యే ప్రక్రియకి అడ్డం పడుతుంది, చర్మంలోంచి లోపలికి వెళ్తుంది, కిడ్నీలకి చేరుతుంది. కేరళలోని కొట్టక్కల్‌లో డాక్టర్లు 2021 జులై నుంచి 2023 సెప్టెంబర్ వరకు ఒక రకం కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 మందిని పరిశీలించారు. అందులో 15 మందికి ఒకే ప్రత్యేకమైన మార్కర్ కనిపించింది. ఆ 15 మందిలో 13 మంది ఫెయిర్‌నెస్ క్రీమ్ వాడినవాళ్లే. మొహానికి రాసింది మొహంతో ఆగదు.

చట్టం ఏమంటోంది?

ఇది చదివినప్పుడు నేనే ఆశ్చర్యపోయా. మన డ్రగ్స్ రూల్స్‌లో షెడ్యూల్ జె అని ఒక లిస్ట్ ఉంది. ఏ మందూ “నేను దీన్ని నయం చేస్తా, ఇది సాధిస్తా” అని చెప్పుకోకూడని వాటి జాబితా అది. అందులో చర్మం తెల్లబడటం ఉంది. ఎత్తు పెరగడం కూడా ఉంది. ఇప్పుడు ఆ గోడల మీది పోస్టర్లు ఒకసారి గుర్తు తెచ్చుకోండి.

2018 మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ క్రీములని షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. రూల్ 2018లో వచ్చింది, నేను కొన్నది 2022లో. మధ్యలో నాలుగేళ్లు. కాబట్టి రూల్ ఉంది కదా అని నిశ్చింతగా ఉండకండి, ట్యూబ్ మీరే చదవండి.

మార్కెట్ కూడా మాట మార్చింది. ఫెయిర్ అండ్ లవ్లీ మన దేశంలోకి 1975లో వచ్చింది. 2014లో యాడ్స్‌ని చూసే ఏఎస్‌సీఐ అనే సంస్థ, నల్లగా ఉన్నవాళ్లని దిగులుగా, ఓడిపోయినవాళ్లలా చూపించొద్దని గైడ్‌లైన్స్ పెట్టింది. 2020 జూన్‌లో షాదీ డాట్ కామ్ రంగుని బట్టి వెతికే ఫిల్టర్ తీసేసింది. అదే ఏడాది జులైలో ఫెయిర్ అండ్ లవ్లీ పేరు గ్లో అండ్ లవ్లీ అయింది. పేరు మారింది, మంచిదే. కానీ మా మేనత్త నోట్లో మాట మారాలంటే కంపెనీ సరిపోదు, అది మన ఇంట్లో మనమే చేయాలి.

అసలు రంగు అంటే ఏంటి?

చర్మానికి రంగు ఇచ్చేది మెలనిన్. దాన్ని తయారుచేసే కణాలు తెల్లగా ఉన్నవాళ్లకీ నల్లగా ఉన్నవాళ్లకీ దాదాపు ఒకే సంఖ్యలో ఉంటాయి. తేడా అవి ఎంత తయారుచేస్తాయి, ఏ రకం తయారుచేస్తాయి అన్నదాంట్లోనే. ఆ మెలనిన్ పని ఎండలోని అల్ట్రావయొలెట్ కిరణాలు లోపలికి దిగకుండా అడ్డుకోవడం. మే నెల మధ్యాహ్నం ఎల్‌బీ నగర్ సర్కిల్‌లో బస్సు కోసం నిలబడ్డారనుకోండి, మీకు గొడుగు పడుతున్నది అదే. ఆ గొడుగుని చింపుకోవడానికి డబ్బులిచ్చి క్రీమ్ కొంటున్నాం. చర్మం రంగు మురికి కాదు, రుద్దితే పోవడానికి.

దేవుళ్ల దగ్గర మనకి ఈ పట్టింపు లేదు. కృష్ణుడంటేనే నలుపు. రాముడు నీలమేఘశ్యాముడు. ద్రౌపదికి కృష్ణ అనే పేరు వచ్చిందే రంగు వల్ల. గుడిలో దండం పెట్టి బయటికొచ్చి పెళ్లి సంబంధాల్లో మాత్రం “ఫెయిర్” అని రాస్తాం.

సినిమాల్లో కూడా కొంచెం కొంచెం మార్పు వచ్చింది. 2017లో ‘ఫిదా’లో సాయి పల్లవి మొటిమలు దాచుకోకుండానే తెర మీదికొచ్చింది, జనం గుండెల్లో పెట్టుకున్నారు. తర్వాత ఒక ఫెయిర్‌నెస్ క్రీమ్ యాడ్‌కి పెద్ద మొత్తం ఇస్తామన్నా వద్దంది. దాని గురించి మాట్లాడుతూ తన చెల్లి సంగతి చెప్పింది. చెల్లికి తనకంటే తక్కువ రంగు అని బాధ. కూరగాయలు, పండ్లు తింటే తెల్లబడతావని ఈమె అంటే, ఇష్టం లేకపోయినా ఆ పిల్ల తినేసిందట. ఒక చిన్న పిల్ల మీద ఆ మాట అంత పనిచేసిందా అని తనకే బాధేసిందట. 2020లో వచ్చిన ‘కలర్ ఫోటో’ కథ మొత్తం నల్లగా ఉన్న ఒక కుర్రాడి చుట్టూ తిరుగుతుంది. దానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు కూడా వచ్చింది. అబ్బాయిలూ, ఇది మీ విషయం కూడా. మీకు “కర్రోడా” అని పేరు పెట్టి నవ్వితే మీరూ నవ్వేస్తారు. లోపల ఏమవుతుందో మాకు తెలుసు.

గ్రౌండ్‌లో ఎవరూ మొహం చూడలేదు

అక్టోబర్ చివర్లో ధైర్యం చేసి స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లా. ఆమె ట్యూబ్ చూసి తిట్టలేదు. “ఎన్ని నెలలు?” అని మాత్రం అడిగింది. మానే పద్ధతి రాసిచ్చింది. ముందే చెప్పింది, బాగయ్యే ముందు ఇంకా ఘోరంగా కనిపిస్తుందని. నిజమే, నవంబర్ మొత్తం నా మొహం టమాటా. స్కార్ఫ్ కట్టుకుని మెట్రో ఎక్కేదాన్ని, ఎవరైనా చూస్తే ఫోన్‌లో తలదూర్చేదాన్ని.

డిసెంబర్‌లో ఈవెంట్స్. అమ్మాయిలకి 800 మీటర్లు, 5 నిమిషాల 20 సెకన్లలో. లాంగ్‌జంప్ 2.5 మీటర్లు. 4 కిలోల గుండు 4 మీటర్లు విసరాలి. ఎత్తు 152.5 సెంటీమీటర్లు ఉండాలి. ఆ రోజు స్కార్ఫ్ తీయాల్సి వచ్చింది. కొన్ని వందల మంది ముందు ఆ మొహంతో నిలబడ్డా. లైన్‌లో ఎవరూ నా వైపు చూడలేదు. అందరూ బూట్ల లేసులు కట్టుకుంటున్నారు. పరుగు మొదలయ్యాక రెండో రౌండ్‌లో నాకు గుర్తొచ్చింది: అరే, అరగంట నుంచి నేను నా మొహం గురించి ఆలోచించనే లేదు!

కాళ్లు పరిగెత్తాయి, ఊపిరితిత్తులు పనిచేశాయి, చేతులు గుండు విసిరాయి. టైమ్ చూసి “క్వాలిఫైడ్” అన్నారు. అంతే. నల్లగా “ఉన్నా” క్వాలిఫైడ్ అని ఎవరూ అనలేదు. చెప్పేస్తున్నా, ఫైనల్ ఎగ్జామ్‌లో నాకు ఉద్యోగం రాలేదు. కానీ ఆ రెండో రౌండ్ నాకు మిగిలింది.

ఇంకో మాట కూడా చెప్పాలి, లేకపోతే కథ సగమే అవుతుంది. మా రూమ్మేట్ ఎత్తు 150. ఆమెని గ్రౌండ్ నుంచి వెనక్కి పంపేశారు. అంతకుముందు ఎత్తు పెంచే పౌడర్‌కి ఇంట్లో చెప్పకుండా డబ్బులు పెట్టింది. ఎముకల చివర్లలో పెరిగే భాగం ఒకసారి మూసుకుపోయాక ఏ పౌడర్‌తోనూ ఎత్తు పెరగదు. ఆ రాత్రి ఆమె ఏడుస్తుంటే మాకు ఏం చెప్పాలో తెలియలేదు. ఇప్పుడైతే చెప్తా: 152.5 ఆ ఉద్యోగానికి పెట్టిన కొలత, నీకు పెట్టిన కొలత కాదు. ఆమె తర్వాత వేరే పరీక్షలకి చదివింది. ఇప్పుడు నాకంటే మంచి జీతం.

సరే, ఇప్పుడు మీ షెల్ఫ్ దగ్గరికి వెళ్లండి

వీడియో పాజ్ చేసి ట్యూబ్ తీయండి. చిన్న అక్షరాలు ఫోన్‌తో ఫోటో తీసి జూమ్ చేయండి. బెటామెథసోన్, మొమెటసోన్, ఫ్లుటికాసోన్, డెక్సామెథసోన్ అని చివర “సోన్” వస్తుందా? క్లోబెటసాల్, హాలోబెటసాల్, ఫ్లుయోసినోలోన్ అని ఉందా? అవన్నీ స్టెరాయిడ్స్. హైడ్రోక్వినోన్ అని ఉంటే అది కూడా డాక్టర్ చూసి ఇవ్వాల్సిందే. ఆర్‌ఎక్స్ అనే గుర్తు ఉన్నా, రిజిస్టర్డ్ డాక్టర్ చీటీ మీదే అమ్మాలని రాసి ఉన్నా అది బ్యూటీ క్రీమ్ కాదు, మందు. అసలు లేబులే లేకపోతే, తయారుచేసినవాళ్ల అడ్రసే లేకపోతే అస్సలు ముట్టుకోకండి.

ఇప్పటికే నెలలుగా వాడుతుంటే భయపడి ఇవాళే విసిరేయొద్దు, అలాగని కంటిన్యూ కూడా చేయొద్దు. ట్యూబ్ చేత్తో పట్టుకుని స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. బోర్డు మీద డీవీఎల్ అని చదువు ఉందో లేదో చూసుకోండి. డబ్బులు లేవా? ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో చర్మ విభాగాలు ఉన్నాయి. ఎల్‌బీ నగర్ నుంచి రెడ్ లైన్ ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగితే ఉస్మానియా దగ్గరే. సిగ్గుపడి నిజం దాచొద్దు. ఎన్ని నెలలు రాశారో కరెక్ట్‌గా చెప్పండి, వైద్యం దాని మీదే ఆధారపడుతుంది.

ఇక ఇంట్లోవాళ్లు రంగు గురించి అన్నప్పుడు గొడవ అక్కర్లేదు. పోయినసారి మా మేనత్త, “మళ్ల నల్లబడ్డవేందే?” అంది. “ఇది నా రంగే అత్తా, అప్పుడు ఉన్నది మందు రంగు” అన్నా. ఆమెకి ఒక నిమిషం ఏం అర్థం కాలేదు. తర్వాత నా బుగ్గ మీద దారాలు చూసి, వేలితో తాకి, “నొప్పి లేస్తదా?” అని అడిగింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో చిన్నపిల్లల ముందు రంగు మాట ఎత్తట్లేదు. ఎవరైనా ఎత్తితే మా మేనత్తే ఆపుతోంది.

మీ మొహాన్ని మీరు రోజూ ప్రేమించాలని నేను చెప్పను. నాకే కొన్ని రోజులు కుదరదు. తిట్టకుండా ఉంటే చాలు. దాని మీద ప్రయోగాలు చేయకుండా ఉంటే ఇంకా చాలు. పోయిన బతుకమ్మ ఫోటోలో నేనున్నా, ముందు వరుసలో, ఈ బుగ్గలతోనే.

ఈ ఎపిసోడ్‌ని మీ హాస్టల్ గ్రూప్‌లో ఒక్కసారి పెట్టండి. ఎవరి షెల్ఫ్ మీద ఏ ట్యూబ్ ఉందో మనకి తెలియదు కదా. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.